పుంటికూర మడికి పాలిస్టర్ దుప్పటి

ట్రాక్టర్‌ను దారంతో కట్టిపడేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. అలాంటివాడు ఈ సూరత్ మొత్తానికి ఒక్కడే ఉన్నాడు, వాడు ఇప్పుడు మీతోనే మాట్లాడుతున్నాడు. తాపీ నది దాటి, అమ్రోలి కూడా దాటి పొలాల్లోకి వెళ్తే, నన్ను చూపించి "ఇతనే, ఇతనే" అని ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వుతాను. నేను నవ్వకపోతే వాళ్ళు ఇంకా ఎక్కువ నవ్వుతారు. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో దాచకుండా చెబుతాను, వినండి. చేతిలో చాయ్ ఉంటే మాత్రం ముందు పక్కన పెట్టండి. మీద ఒలకబోసుకుంటే నా పూచీ లేదు.

నేను లింబాయత్‌లో కరెంటు మగ్గం నడిపే మనిషిని. మాది జగిత్యాల దగ్గర పల్లె, మా గల్లీలో చాలామంది మావైపువాళ్ళే. మా ఆవిడ రాజమణి పుట్టింటివాళ్ళు కూరగాయలు పండించి బతికినవాళ్ళు. అలాంటి పిల్లను పెళ్ళి చేసుకుని తెచ్చి, గల్లీలో ఒక్క గది ఇంట్లో పెట్టాను. ఇంటి ముందు మురికి కాలువ, వెనక గోడ, చుట్టూ మగ్గాల మోత. మట్టి అన్నది తులసి కుండీలో తప్ప ఎక్కడా కనబడదు. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అంటించే పని చేసేది రాజమణి. అప్పుడప్పుడు తలెత్తి "ఈడ మట్టి వాసన సుత రాదు గదనయ్యా" అనేది. నేను "ఊఁ" అనేవాణ్ణి. నా ఊఁలకు ఆమె ఎప్పుడో నీళ్ళు వదులుకుంది.

ఒకసారి అమ్రోలి అవతల బంధువులింటికి వెళ్ళినప్పుడు, దారిలో పాపడీ చిక్కుళ్ళు అమ్ముతున్న ముసలి రైతుతో రాజమణికి మాట కలిసింది. ఆయనే మగన్ కాకా. కాకాది సగం హిందీ, సగం గుజరాతీ. రాజమణిది సగం హిందీ, సగం సైగలు. అయినా ఇద్దరూ విత్తనాల గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. నేను పక్కన సంచి పట్టుకుని నిలబడ్డాను. చివరికి చూస్తే ఆయన పొలంలో ఊరికే పడి ఉన్న ఒక మూల ముక్క మా ఆవిడకు కౌలుకు వచ్చేసింది. కౌలు అంటే పండిన కూరలో వాటా, అంతే. కాకా ఒకే ఒక్క మాట అన్నాడు. (ఆయన మాటలన్నీ మీకోసం తెలుగులోకి మార్చి చెబుతున్నాను. బేన్ అంటే మాత్రం చెల్లెమ్మ.)

"బేన్, నేలను బిడ్డలెక్క చూసుకో. పాడు చేసినవ్ అనుకో, తిరిగి తీసుకుంట."

"నా పాణం లెక్క చూసుకుంట కాకా" అంది రాజమణి.

ఆ రోజు తిరిగొస్తుంటే షేర్ ఆటోలో ఆమె ముఖం చూడాలి మీరు. పెళ్ళిలో కూడా అంత వెలగలేదు. (పెళ్ళిలో పక్కన నేనున్నాను కదా, అందుకని కావచ్చు.) గల్లీలోకి రాగానే ఇంటింటికీ చాటింపు వేసింది. "అక్కా, ఈ వానకాలం పుంటికూర నా మడిల నుంచే తెస్త. బజార్ల ఎండిపోయిన కట్టలు కొనకుండ్రి." మన పుంటికూర, మీలో కొందరు గోంగూర అంటారే అదే, మా గల్లీ ఆడవాళ్ళకు ప్రాణం. అందరూ ఆశపడ్డారు. రాజమణి మాటకు ఆనాటి నుంచి పూచీకత్తు ఆ మూల ముక్కే.

ఇక్కడ నేను రంగంలోకి దిగుతాను. మీరు కొంచెం గుండె దిటవు చేసుకోండి.

ఆ రోజుల్లో నాకు ఫోన్‌లో వీడియోలు చూసే జబ్బు ఉండేది. మగ్గం దాని పాటికది ఆడుతుంటే నేను ఫోన్‌ను పక్క స్తంభానికి ఆనించి పెట్టుకుని లోకజ్ఞానం సంపాదించేవాణ్ణి. రాజమణికి భూమి దొరికిందని తెలియగానే ఫోన్‌కు కూడా తెలిసిపోయింది కాబోలు, ఒక వ్యవసాయం పెద్దమనిషిని నా ముందుకు తెచ్చింది. ఆయన చెప్పిందేమిటంటే, చిన్న చిన్న కూరగాయ మడులను ఏడాదికోసారీ రెండుసార్లూ దున్ని దున్ని నేలను పొడి చేయొద్దు. లోపల వానపాములు ఇళ్ళు కట్టుకుని ఉంటాయి, దున్నితే ఆ ఇళ్ళు కూలిపోతాయి. నేలను కదపకుండా పైన కప్పి ఉంచితే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, కప్పినదే మురిగి ఎరువవుతుంది. విత్తనం పెట్టేచోట మాత్రం కాస్త గుంట తీస్తే చాలు.

నాకు కళ్ళు చెమర్చాయి. ఒక్క గదిలో బతికేవాణ్ణి కదా, ఇళ్ళు కూలిపోతాయంటే వానపాముల బాధ నాకు వెంటనే అర్థమైంది. ఒక విషయం ఒప్పుకోవాలి, ఆ పెద్దమనిషి చెప్పినదాంట్లో తప్పు ఒక్కటి కూడా లేదు. తప్పంతా విన్న చెవులది.

ఎలాగంటే, "మీ చుట్టుపక్కల ఊరికే దొరికే చెత్తతో నేలను కప్పండి, ఉదాహరణకు..." అని ఆయన మొదలుపెట్టాడో లేదో, నా మగ్గం మీద పడుగు పోగు తెగింది. మగ్గం ఆగింది. మగ్గం ఆగితే నాలాంటి కారిగర్‌కు లోకంలో ఇంకేదీ వినబడదు. పరుగెత్తి పోగు అతికి, మళ్ళీ మగ్గం ఆడించి వచ్చేసరికి ఉదాహరణలు అయిపోయాయి. పెద్దమనిషి తెగుళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. వెనక్కి తిప్పి చూడొచ్చుగా అంటారా? చూడొచ్చు. కానీ అప్పటికే నా బుర్ర నన్ను దాటి పరుగెత్తుతోంది.

మా చుట్టుపక్కల ఊరికే దొరికే చెత్త ఏమిటి? లింబాయత్‌లో గడ్డి లేదు, ఆకు లేదు. ఉన్నదంతా చిందీ. అంటే బట్ట కత్తిరింపులు, చీర అంచుల పోచలు, మగ్గం కింద పడే దారపు కుప్పలు. మా శేఠ్ గోడౌన్‌లో ఒక మూలంతా అదే. వెళ్ళి అడిగితే శేఠ్ ముఖం విప్పారింది.

"తీసుకుపో భాయ్, మొత్తం తీసుకుపో. ఇంకా కావాల్నా?"

అంత సంతోషంగా ఎవరైనా ఏదైనా ఇస్తున్నారంటే కాస్త ఆగి ఆలోచించాలి. నేను ఆగలేదు.

ఈలోగా కాకా తొలకరికి ముందే చిన్న ట్రాక్టర్ తీసుకుని మా మూలకు వచ్చాడు. దున్ని ఇస్తానన్నాడు, పాపం. నేను రెండు చేతులూ చాచి ట్రాక్టర్‌కు అడ్డంగా నిలబడ్డాను.

"ఆగండి కాకా! నా భూమిలో ట్రాక్టర్ అడుగు పెట్టొద్దు!"

"నీ భూమా?" అన్నాడు కాకా.

"అదే, మీ భూమిలోనే. కింద వానపాముల ఇళ్ళున్నాయి."

కాకా ట్రాక్టర్ మీంచి వంగి నేలను చూశాడు, నన్ను చూశాడు, తర్వాత రాజమణిని చూశాడు. "బేన్, ఇతను రోజూ ఇట్లనేనా?" అని అడిగాడు. రాజమణి తలకాయ వంచుకుంది. "జర చూద్దం కాకా, ఏదో సదువుకున్నడు ఫోన్‌ల" అంది. అలా నా పరువు కోసం తన మడిని పణంగా పెట్టింది ఆ మహాతల్లి.

చిందీ మూటలు తేవడం ఇంకో భాగవతం. షేర్ ఆటోలో నలుగురు కూర్చునే చోట నేనూ నా మూటలూ కూర్చున్నాం. అలా ఎన్ని విడతలు తిరిగామో లెక్క లేదు. నాతో పాటు మగ్గం నడిపే ఎల్లేశం, మా పక్కింటివాడు, మూటలు మోయడానికి వచ్చి "నర్సింలూ, గిది దేనికిరా?" అని అడిగాడు.

"ఎరువు."

"చీరె అంచులు ఎరువా?"

"మురిగితే ఎరువే."

ఎల్లేశం ఏదో అనబోయి ఆగిపోయాడు. స్నేహితుడంటే అలా ఆగకూడదని ఆనాటి నుంచి నా అభిప్రాయం.

మడి నిండా పరిచాం. రాజమణి ఒక పోచను రెండు వేళ్ళతో పట్టుకుని లాగి చూసింది. గోటితో గీరింది.

"ఏందయ్యా, నిజంగ మురుగుతదా ఇది?"

"బట్ట మురగకుంటే ఇంకేం మురుగుతదే? పత్తి చెట్టు నుంచే గదా బట్ట వచ్చేది?"

"ఇది గూడ పత్తేనా మరి?"

"బట్టంటే బట్టనే. మగ్గం మీద ఉన్నోన్ని నేనా, నువ్వా?"

"సరే, నీకే ఎరుక" అంది. వినేవారా, ఈ మాటలు గుర్తుపెట్టుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి, ఎందుకంటే రాజమణి మరిచిపోనివ్వదు.

అక్కడక్కడా కత్తెరతో చిల్లులు చేసి, గుంటలు తీసి, విత్తనాలు పెట్టాం. ఆ సాయంత్రం మడి ఎలా ఉందంటారు! ఎరుపు, నీలం, ఆకుపచ్చ, మధ్య మధ్య జరీ మెరుపులు. నేల పెళ్ళికూతురై పడుకున్నట్టుంది. నేను అన్ని మూలల నుంచి ఫోటోలు తీసి ఊళ్ళో చుట్టాలందరికీ పంపాను. "ఇది వ్యవసాయం" అని కింద రాశాను. మా బామ్మర్ది "ఏది?" అని తిరిగి రాశాడు. కుళ్ళు వాడికి.

వానలు మొదలయ్యాయి.

మొదటి గాలివానకే సగం చిందీ లేచి కాకా పాపడీ పందిళ్ళ మీదికి ఎక్కింది. తెల్లారేసరికి ఆ పందిళ్ళు చీరల దుకాణాల్లా ఉన్నాయి. మిగిలిన సగం నీళ్ళలో తేలి, ముద్దలై, ఒక చోట గుట్టగా, ఇంకో చోట ఖాళీగా పడింది. నేను చేసిన చిల్లులు ఒక చోట, నేను పెట్టిన విత్తనాలు ఇంకో చోట. బట్ట కింద ఇరుక్కుపోయిన పుంటికూర మొలకలు వెలుతురు దొరక్క తెల్లగా పాలిపోయి వంకర్లు తిరిగాయి. చిల్లు దొరికిన నాలుగు మొక్కలను నత్తలు తిన్నాయి. వాటికి చల్లని బట్ట కింద ఇల్లు దొరికింది కదా. వానపాముల ఇళ్ళు కాపాడబోయి నత్తలకు కాలనీ కట్టాను.

కాకా గేదె మేత మేస్తూ మా మడి అంచు మీదుగా వెళ్ళింది. ఇంటికి వెళ్ళేసరికి కొమ్ములకు జరీ అంచు, కాళ్ళకు గులాబీ రంగు పోచలు. కాకా భార్య గడపలో నిలబడి నవ్వి నవ్వి కూలబడిందట. కాకా మాత్రం నవ్వలేదు. "అది నోట్ల పెట్టుకుని మింగితే ఏమైతుండె?" అని మమ్మల్ని నిలదీశాడు. ఆ మాటకు నాకు మొదటిసారి భయం వేసింది. పైకి మాత్రం "కొంచెం ఓపిక పట్టండి కాకా, మురుగుతోంది" అన్నాను.

మురగలేదు. వానలు పోయేదాకా మురగలేదు. మురగకపోగా, కింద నుంచి తుంగ మొలిచి, సూదిలాంటి మొనలతో బట్టను పొడుచుకుని పైకి వచ్చింది. దాని వేళ్ళు దారాల్లోకి, దారాలు వేళ్ళలోకి. రాజమణి ఒక తుంగ మొక్కను పట్టుకుని పీకితే మడంతా చాపలా ఒక్కసారిగా కదిలింది. దారం పడుగు, తుంగ పేక. ఇన్నేళ్ళ నా నేతపనిలో అంత గట్టి గుడ్డ ఎప్పుడూ నేయలేదు.

కాకా ఇక ఆగలేదు. నేల కాస్త ఆరగానే ట్రాక్టర్‌కు రోటవేటర్ తగిలించుకుని వచ్చాడు. ఇనుప కత్తులు గిరగిరా తిరిగి మట్టిని పొడి చేస్తుందే, అది. "పక్కకు జరుగు భాయ్. ఇయ్యాల నీ వానపాములతో నేనే మాట్లాడుకుంట" అన్నాడు. నేను ఈసారి అడ్డం నిలబడలేదు. రాజమణి ముఖం చూసి గట్టు మీదికి తప్పుకున్నాను. ఎల్లేశం కూడా ఆ రోజు మాతోనే ఉన్నాడు.

రోటవేటర్ మడిలోకి దిగింది. బర్రున తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ నా గుడ్డను మొత్తం చుట్టుకోవడం మొదలుపెట్టింది. మగ్గంలో కండె చూశారా, దారం చుట్టుకుని లావెక్కుతుందే, అచ్చం అలాగే. ఎర్ర పోచ, పచ్చ పోచ, జరీ, తుంగ, మట్టి, నత్తలు, అన్నీ కలిసి కత్తులు కనబడకుండా చుట్టుకున్నాయి. ట్రాక్టర్ ఒక్కసారి మూలిగి, పొగ వదిలి, ఆగిపోయింది. కాకా మళ్ళీ స్టార్ట్ చేశాడు. అది ముక్కింది కానీ తిరగలేదు.

నేను ఊరుకోవచ్చుగా? "దున్నకుండా ఉండటమే మంచిదని నేల కూడా అంటోంది కాకా" అన్నాను.

కాకా ట్రాక్టర్ దిగి నా దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. "నిప్పు పెట్టి కాలుస్త దీన్ని" అన్నాడు. ఎల్లేశం "ఆగు కాకా" అని, ఒక పోచ తెంపి, జేబులోంచి అగ్గిపుల్ల తీసి గీసి అంటించాడు. మా మగ్గాల వాళ్ళకు అలవాటు కదా, ఏ దారం ఏమిటో కాల్చి చూసుకోవడం. పత్తి అయితే కాగితంలా కాలి బూడిదవుతుంది. ఇది ముడుచుకుపోయి, కరిగి, నల్ల పూసై గట్టిపడింది.

ఎల్లేశం ఆ పూసను అరచేతిలో పెట్టి నాకు చూపించాడు.

"నర్సింలూ, మన మగ్గాల మీద ఇన్నేండ్ల సంది ఏం నేస్తున్నంరా?"

"...పాలిస్టర్."

"పాలిస్టర్ ఎన్నడన్న మురుగుతదా?"

సూరత్‌లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. పొద్దుట లేచింది మొదలు నా చేతుల్లో ఆడేది పాలిస్టర్, నా ఒంటి మీదుండే చొక్కా పాలిస్టర్, నా అన్నం పాలిస్టర్. అలాంటివాణ్ణి, దానికి పత్తి చెట్టును పుట్టిల్లు చేసి, నా పెళ్ళాం మడికి దుప్పటిగా కప్పాను.

"కాల్చొద్దు కాకా, కత్తులకు అంటుకపోతది" అన్నాడు ఎల్లేశం.

కాకా నా వైపు కూడా చూడలేదు. రాజమణితో అన్నాడు. "బేన్, దీపావళి సెలవులు అయ్యేటాళ్ళకు నేల నాకు మునుపటి లెక్క కనబడాలె. పోగు ఒక్కటి ఉండొద్దు. లేకుంటే ఈ ముక్క మరిచిపో."

ఆయన నడిచి వెళ్ళిపోయాడు, ట్రాక్టర్ అక్కడే వదిలేసి. అప్పుడు రాజమణి గట్టు మీద కూలబడి ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్ళి "ఏదో ఒకటి చేద్దమే" అంటే కళ్ళు తుడుచుకుని నా ముఖంలోకి చూసింది.

"మీ శేఠ్ మగ్గం మీద గిట్ల చేస్తవా నువ్వు? ఏది పడితే అది ఏస్తవా?"

"ఏయను."

"మరి ఇది నా మగ్గం గదనయ్యా."

నవ్వుల కథ చెబుతానని కూర్చోబెట్టాను, నిజమే. కానీ ఆ మాట దగ్గర నాకిప్పటికీ నవ్వు రాదు. సిగ్గుతో చచ్చిపోయాను.

దీపావళికి మగ్గాలన్నీ ఆగిపోతాయి. కారిగర్లంతా ఊళ్ళకు వెళ్తారు. మేం వెళ్ళలేదు. ఊళ్ళో చుట్టాలకు "వ్యవసాయ పనులున్నాయి" అని కబురు పెట్టాను. చిన్న కత్తెరలు తీసుకుని ముందు ట్రాక్టర్ చుట్టూ కూర్చున్నాం, నేను, ఎల్లేశం, రాజమణి. పుంటికూర ఆశపడ్డ గల్లీ ఆడవాళ్ళు కొందరు కూడా అన్నం డబ్బాలతో వచ్చారు. చిక్కు విప్పడం మావాళ్ళకు చేతనైనట్టు ఇంకెవరికీ చేతకాదు. "అక్కా, ఈ అంచు నేను రాళ్ళంటించిన చీరెదే" అని ఒకామె గుర్తుపట్టింది. "గీ పుంటికూర మస్తు మెరుస్తుందే రాజమణీ" అంది ఇంకొకామె. తినేది వాళ్ళు, తిట్లు తినేది నేను. ట్రాక్టర్ తేలాక మడి మీద పడ్డాం. కలుపు తీసే కుర్పీలతో తుంగను వేళ్ళతో సహా తీస్తూ, పోగు పోగు ఏరాం. నడుములు పడిపోయాయి. సెలవులు అయిపోయే రోజు కాకా వచ్చి మడంతా తిరిగి చూశాడు. వంగి ఒక చోట మట్టి తీసి వేళ్ళతో నలిపాడు. "ఊఁ" అన్నాడు. రాజమణికి నా ఊఁలు అలవాటే కానీ, ఆ ఊఁ విని మాత్రం చేతులు జోడించింది.

"మరి దున్నుడెట్ల కాకా?" అని అడిగింది.

కాకా తల అడ్డంగా ఊపాడు. "నా ట్రాక్టర్ మళ్ళ ఈ మూలకు రాదు. కావాలంటే వేరేవాళ్ళను పిలుచుకోండి."

పిలిచాం. ఒక్కడు రాలేదు. కబురు చుట్టుపక్కల పొలాలన్నింటికీ పాకిపోయింది. "ఆ లింబాయత్ వాళ్ళ మడా? దారాల మడా? వద్దు భాయ్, కొత్త ట్రాక్టర్" అన్నాడు ఒకడు. ఇంకొకడు నన్ను చూడగానే గేరు మార్చి వెళ్ళిపోయాడు.

అప్పుడు రాజమణి చేసింది చూడండి. చెరకు కోతలు మొదలయ్యాయి, పొలాల పక్కన ఎండిన చెరకు ఆకు కుప్పలు కుప్పలుగా పడి ఉంది. అడిగి మోసుకొచ్చి మడంతా పరిచింది. దున్నలేదు. విత్తనం పెట్టేచోట మాత్రం ఆకు పక్కకు జరిపి కుర్పితో చిన్న గుంట తీసింది. నేను పక్కన నిలబడి చూస్తూ గొంతు సవరించుకున్నాను.

"రాజమణీ, ఫోన్‌ల పెద్దమనిషి చెప్పింది అచ్చం గిదే గదనే."

"ఎరుక" అంది తలెత్తకుండా. "నువ్వు పోగు అతుకబోయినప్పుడు ఆయన చెప్పింది గూడ గిదే. మడి ఖరాబైనంక నేను మొత్తం చూసిన."

ఆకు కింద నేల మెత్తగా ఉంది, తేమగా ఉంది. పుంటికూర పిడికిలి నిండేలా వచ్చింది. మెంతికూర, కొత్తిమీర కూడా. మొదటి కట్ట కాకాకు, తర్వాతివి గల్లీకి. ఇప్పుడు కాకా కూడా ఒక మడిని దున్నకుండా వదిలి చెరకు ఆకు కప్పుతున్నాడు. ఎవరైనా వచ్చి "ఈ పద్ధతి ఎట్ల మొదలుపెట్టినవ్ బేన్?" అని అడిగితే రాజమణి నా వైపు వేలు చూపిస్తుంది. "దున్నకుంట చేసింది ఆయననే. ఆయన చేసినంక ఎవ్వలు దున్నలేకపోయిండ్రు."

దీపావళికి రోటవేటర్ మీంచి కోసి తీసిన దారపు ఉండను కాకా పారేయలేదు. మడి గట్టు మీద కర్రకు గుచ్చి నిలబెట్టాడు. పిట్టల బెదురుకి అనుకున్నాను. పిట్టలు దాని మీదే కూర్చుంటాయి. దాన్ని చూసి భయపడేది ట్రాక్టర్ల వాళ్ళే.

ఆ ఉండ మీద చెయ్యి వేసి, తాపీ తల్లి సాక్షిగా, మీ అందరి ఎదుటా నేనిందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై ఏ వీడియోనూ సగంలో వదలను. మగ్గం ఆగినా సరే, వెనక్కి తిప్పి చూస్తాను. నేల మీద ఏది కప్పాలన్నా ముందు అగ్గిపుల్లతో కాల్చి చూస్తాను, తర్వాత రాజమణిని అడుగుతాను. వానపాముల తరఫున వకాల్తా పుచ్చుకుని ఎవరితోనూ వాదించను. నా భూమి అనే మాట నోట రానివ్వను.

మొన్న ఆదివారం మడిలో ఇదే ప్రతిజ్ఞ గట్టిగా చెబుతుంటే, రాజమణి కొత్తిమీరకు గుంట తీస్తోంది. కుర్పికి ఏదో తగిలింది. లాగింది. ఎర్రటి అంచు, జరీతో సహా, నిన్న మగ్గం దిగినట్టు మెరుస్తూ బయటికి వచ్చింది. మట్టి దులిపి, నా అరచేతిలో పెట్టి మూసింది.

"ఇంక జర ఓపిక పట్టయ్యా" అంది. "మురుగుతుంది."